పూచీదారు నంబరు

కొత్త పద్ధతి మొదలై ఇంకా వారం కాలేదు. కౌంటరు అమ్మాయి చెయ్యి పాత అలవాటును వదలడం లేదు. పుస్తకం అందుకోగానే వెనక అట్ట తెరుస్తుంది, అక్కడ అంటించిన కాగితం జేబులో వేలు పెడుతుంది, లోపల కార్డు లేదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంటుంది, అప్పుడు స్కానరు అందుకుంటుంది. పక్కనే స్టూలు మీద కూర్చున్న కన్సల్టెంటు అది చూసి నవ్వి ఊరుకుంది. ఏళ్ళ తరబడి చేసిన పని వేళ్ళలోంచి పోవాలంటే కొన్నాళ్ళు పడుతుంది. గ్రంథాలయాలకు కంప్యూటర్లు పెట్టించే సలహాదారు కాకముందు ఆమె కూడా ఇలాంటి కౌంటరు వెనకే కూర్చున్న మనిషి.

సోమవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. అతని వెనక ఒకావిడ, చేతిలో మడిచిన గొడుగు. అతను ఒక పుస్తకం బల్ల మీద పెట్టి, దాని పక్కన తన ఫోను పెట్టి, తెర మీది మెసేజ్‌ను కౌంటరు అమ్మాయి వైపు తిప్పాడు.

"'విడాకుల చట్టం: సందేహాలు, సమాధానాలు'. ఇది మీ దగ్గరిదేనాండీ?"

అవునంది అమ్మాయి.

"మా ఆవిడ కార్డు మీదే తీసుకున్నారా? ఒకసారి చూసి చెబుతారా?"

అమ్మాయి స్కానరు పెట్టి చూసి అవునంది, తేదీ కూడా చెప్పింది. అడిగినదానికి చురుగ్గా జవాబు చెప్పాలని ఆమెకు నేర్పించింది కన్సల్టెంటే.

అతను కోప్పడలేదు. పైగా నవ్వాడు. "మంచి ఏర్పాటు చేశారండీ. లేకపోతే గడువు దాటిన సంగతి నాకెలా తెలుస్తుంది" అన్నాడు. జరిమానా కట్టాడు. భార్యను అడిగి ఆవిడ సభ్యత్వ కార్డు తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎండల్లో ఆవిడ తిరగలేదట, ఇకనుంచి కావలసిన పుస్తకాలు తనే తీసుకెళతాడట. అతను చెబుతున్నంతసేపూ ఆవిడ గొడుగు పట్టీని గుండీకి పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం చేస్తూ ఉంది. వెళుతూ వెళుతూ మొగుడి వైపు కాకుండా కౌంటరు అమ్మాయి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వా, అన్నట్టు చూసిందంతే.

కౌంటరు అమ్మాయి ముఖం వాడిపోయింది. "నేనేమన్నా తప్పు చెప్పానా మేడం?" అంది.

కన్సల్టెంటు తెర తన వైపు తిప్పుకుంది. గొడుగావిడ పేరు కింద ఫోన్ నంబరు ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో, పాత దరఖాస్తులోంచి ఎక్కించిన ముక్క: పూచీదారు, భర్త. అది చదవగానే ఆమెకు బస్‌స్టాపు గుర్తొచ్చింది.

పాత రోజుల్లో గ్రంథాలయంలో చేరాలంటే దరఖాస్తు మీద ఇంకొకరు పూచీ పడాలి. పుస్తకం పోగొడితే వాళ్ళు కట్టుకోవాలి, అంతే ఆ సంతకం అర్థం. ఆడవాళ్ళకైతే భర్తో తండ్రో పెట్టేవాళ్ళు. తర్వాత ఆ సంతకాన్ని ఎవరూ తలుచుకునేవాళ్ళు కాదు. పుస్తకం తీసుకుంటే దాని కార్డు సభ్యురాలి పేరున్న చిన్న అట్టజేబులోకి వెళ్ళి ఒక పెట్టెలో నిలబడేది. తిరిగి ఇవ్వగానే కార్డు పుస్తకంలోకి, అట్టజేబు మనిషి చేతిలోకి. ఆ తర్వాత ఎవరు ఏం చదివారో పైవాడికి తెలియాలి, లేదా చదివినవాళ్ళకు తెలియాలి. పాత పద్ధతి నిదానమని, దుమ్మని, మనుషుల పొద్దంతా తినేస్తుందని కన్సల్టెంటే నివేదికలో రాసింది. అది మరిచిపోతుందని మాత్రం రాయలేదు. అది కూడా ఒక గుణమని ఆమెకు అప్పుడు తట్టలేదు.

పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రోజుల్లో, కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. పాత సభ్యుల్లో చాలామందికి ఫోన్ నంబర్లు లేవు, పూచీదార్ల నంబర్లు మాత్రం ఉన్నాయి, ఆ గడిలో వాటిని వేసేయమంటారా, ఖాళీగా వదిలేయమంటారా అని అడిగాడు. అప్పుడే బస్సు వచ్చి ఆగింది. ఆమె సంచి చంకన పెట్టుకుని పరిగెడుతూ, "వేసేయండి" అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె నోరు జారానని కూడా అనుకోలేదు, సీటు దొరికిందని సంతోషపడింది.

వృత్తిలో నీతి అంటే ఆమెకు ప్రాణం. కంపెనీలవాళ్ళు పంచిపెట్టే పెన్ను కూడా ముట్టుకునేది కాదు. ఈ గ్రంథాలయానికి కంపెనీని ఎంచేటప్పుడు కమిటీ అంతా వాళ్ళు పెట్టిన భోజనానికి వెళితే, ఆమె ఖాళీ చదువుగదిలో కూర్చుని తన డబ్బా తను తిని, మధ్యాహ్నమంతా మూడు కంపెనీల సరుకునూ వరసపెట్టి పరీక్షించింది. ఎంచిన కంపెనీ నిజంగానే అన్నిటిలోకీ మెరుగైనది. ఆ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు లేదు. సందు బస్‌స్టాపు దగ్గర దొరికింది.

ఆమె లేచి గ్రంథాలయాధికారి గదికి వెళ్ళింది. ఆయనకు చూద్దాంగారని పేరు. ఫ్యాను తిరగడం లేదన్నా, పైకప్పు కారుతోందన్నా ఆయన జవాబు ఒకటే. మంచివాడు, ఎవరికీ అపకారం తలపెట్టడు, ఉపకారానికి మాత్రం పైనుంచి కాగితం రావాలి. ఆమె జరిగింది చెప్పింది. మెసేజ్‌లో పుస్తకం పేరు వెళ్ళకుండా ఆపాలంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిజమేనమ్మా, బాగాలేదు" అన్నాడు. ఆపైన, "చూద్దాం" అన్నాడు.

ఇంజనీరు మరీ ముక్కుసూటిగా చెప్పాడు. పేరు తీసెయ్యడం చిటికెలో పని, కానీ కమిటీ రాసివ్వాలి. మెసేజ్‌లో పుస్తకం పేరు కావాలని పట్టుబట్టింది ఛైర్మన్‌గారే. తన దగ్గర ఆయన ఉత్తరం ఉంది. "మీరడిగారని నేను తీసేస్తే రేపు నా ఉద్యోగం ఎవరు చూస్తారు మేడం" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. కమిటీ బుధవారం కూర్చుంటుంది. పని సంతృప్తికరంగా ఉందని తను సంతకం చెయ్యవలసిన కాగితం ఇంకా తన సంచిలోనే ఉంది. అది లేకపోతే కంపెనీకి బిల్లు అందదు, దానితో మెడలు వంచవచ్చని ఆమె ధైర్యం.

మంగళవారం పొద్దున గొడుగావిడ ఒక్కతే వచ్చింది. పత్రికల బల్ల దగ్గర నిలబడి, ఏ పత్రికా తియ్యకుండా, కౌంటరు ఖాళీ అయ్యేదాకా చూసింది. అప్పుడు వచ్చి, గొంతు తగ్గించి, తన దగ్గర రెండో పుస్తకం ఉందంది. దానికి రేపటితో గడువు.

"దానికి కూడా మెసేజ్ వెళుతుందా అండీ?"

కౌంటరు అమ్మాయి కన్సల్టెంటు వైపు చూసింది. కన్సల్టెంటు ఆవిణ్ణి బీరువాల చాటున ఉన్న బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఏం పుస్తకమని అడగలేదు. అడగవలసిన పని కూడా లేదు.

"మొదటిది పక్కింటావిడ కోసం తెచ్చానని చెప్పాను" అంది గొడుగావిడ. "నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో తెలీదు. ఆయన అరవరండీ. అరిస్తే బాగుండునని నాకే అనిపిస్తుంది. మా అన్నయ్యకి ఫోన్ చేసి మాట్లాడారు, అమ్మకి చేసి మాట్లాడారు. నాతో మాత్రం మాట్లాడలేదు. ఇంటి తాళంచెవి ఇక రెండు అక్కర్లేదు, ఒకటి చాలన్నారు. ఈ రెండోది కూడా చూస్తే ఇంక పక్కింటావిడ మాట చెల్లదు. నాకు ఒక్క నెల కావాలి. ఒక చోట పని ఇస్తామన్నారు, వచ్చే నెలలో."

కన్సల్టెంటు ఒక్కొక్క దారీ తెరిచి చూసింది. ఇవాళే పుస్తకం తిరిగి తీసుకుందామంటే, తీసుకున్నామని పుస్తకం పేరుతో సహా మెసేజ్ వెళుతుంది. గడువు పెంచుదామంటే, పెంచామని వెళుతుంది. ఫోన్ నంబరు మారుద్దామంటే, మోసాలు జరగకుండా ఉండేందుకు, మీ నంబరు మారిందని పాత నంబరుకే వెళుతుంది. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే గురువారం పొద్దున పది గంటలకు గడువు దాటిందని వెళుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏది ముట్టుకున్నా మోగే ఆ ఏర్పాట్లన్నిటినీ ఆమే పరీక్షించి, ఒక్కొక్కదానికీ పక్కన టిక్కు పెట్టింది.

"గురువారం పొద్దున పదిలోపు పుస్తకం పట్టుకుని రండి" అంది చివరికి. "ఈలోగా రేపు కమిటీ ఉంది. పుస్తకం పేరు వెళ్ళకుండా చేయిస్తాను. అప్పుడు తీసుకుంటాం."

"అవుతుందంటారా?"

"అవుతుంది."

గొడుగావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలింది. గుమ్మం దాటాక ఎండ లేకపోయినా గొడుగు తెరుచుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం కన్సల్టెంటు ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో స్టవ్వు ముందు నిలబడి ఉంది. కొడుకు ఉద్యోగం పని మీద వేరే ఊరు వెళ్ళాడు, ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళిద్దరే. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దూరపు ఊళ్ళ లైన్లు కలిపే ట్రంకు ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఒకప్పుడు ఊళ్ళో ఎవరి నంబరు అడిగినా పుస్తకం చూడకుండా చెప్పేది. మామగారి గురకకు నిద్ర పట్టేదా అని ఎవరైనా అడిగితే, డయల్ టోన్ అనుకుని పడుకునేదాన్ని అంటుంది. ఆయన పోయాక ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలో పొద్దుపోక విసుక్కుంటుంటే, కోడలే గ్రంథాలయానికి తీసుకెళ్ళి సభ్యత్వం ఇప్పించింది.

"ముఖం అలా ఉందేం? మళ్ళీ ఆ చూద్దాంగారేనా?" అంది అత్తగారు.

కోడలు పేర్లు లేకుండా, ఎవరో ఒకావిడ అని, సంగతి చెప్పింది. అత్తగారు గరిటె పక్కన పెట్టి విన్నది.

"మా దగ్గర ఒక మీట ఉండేది. లైను కలిపి, మాట్లాడండి అనగానే దాన్ని వెనక్కి నెట్టెయ్యాలి. నెట్టకపోతే వాళ్ళ మాటలన్నీ మన చెవిలో పడతాయి. ఎవరూ చూసేవాళ్ళు కాదు, ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. అయినా నెట్టేవాళ్ళం."

"ఎప్పుడూ వినలేదా అత్తయ్యా?"

"ఎందుకు వినలేదు? విన్నాను. ఒకాయనకి జబ్బు ముదిరిందని డాక్టరు ఆయన తమ్ముడికి చెబుతుంటే విన్నాను. మర్నాడు ఆయన బజారులో కనిపించి బాగున్నావా అన్నాడు. బాగున్నాను, మీరు బాగున్నారా అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. విన్నదాన్ని విననట్టు నిలబడటమే మా ఉద్యోగం, తక్కింది తీగలు గుచ్చడమేగా."

చెప్పి స్టవ్వు వైపు తిరిగింది. "పాలు కాచానా?" అంది. గిన్నె మీద మీగడ కట్టి ఉంది. కోడలు నవ్వి, ఎప్పుడో కాచారంది. అత్తగారు కూడా నవ్వింది, కోడలికంటే ఒక క్షణం ఆలస్యంగా.

బుధవారం కమిటీ గది బయట వరండాలో కన్సల్టెంటు బల్ల మీద కూర్చుని కాగితాలు సర్దుకుంది. ఏం చెప్పాలో వరసగా అనుకుంది. చదవడం చదివేవాళ్ళ సొంత విషయం. ఆ నంబర్లు సభ్యులవి కావు, పూచీదార్లవి, పొరపాటు తనది. పేరు తీసేసినా గడువు సంగతి తెలుస్తూనే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. తియ్యకపోతే సంతకం పెట్టను. ఈ చివరి మాట గట్టిగా చెప్పాలని పెదవుల మీదే రెండుసార్లు అనుకుని చూసుకుంది. లోపలినుంచి పిలుపు రావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. సంచిలో ఫోను మోగి ఆగింది.

గ్రంథాలయం నుంచి మెసేజ్. అలవాటుగా, తను పెట్టించిన అక్షరాలు సరిగా వస్తున్నాయా లేదా చూద్దామని తెరిచింది. 'మతిమరుపు జబ్బు: మొదటి గుర్తులు, ముందున్న రోజులు'. ఈ పుస్తకం గడువు నిన్నటితో ముగిసింది. దయచేసి తిరిగి ఇవ్వగలరు. సభ్యురాలి పేరు అత్తగారిది. పూచీదారు తను.

చదివేసింది. చదివాక చదవకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

పాలగిన్నె గుర్తొచ్చింది. నిన్నటి నవ్వు ఆలస్యంగా ఎందుకు వచ్చిందో తెలిసింది. పోయిన నెల దుకాణానికి వెళ్ళి చాలాసేపటికి ఖాళీ చేతులతో వచ్చి, తెరవలేదమ్మా అనడం గుర్తొచ్చింది. కొడుకు ఫోన్ నంబరు ఒక ముక్క కాగితం మీద రాసి దిండు కింద పెట్టుకోవడం చూసి, ఆపరేటరమ్మకు కాగితం కావలసివచ్చిందా అని తను ఆటపట్టించడం కూడా గుర్తొచ్చింది. అప్పుడామె నవ్విందో లేదో తను చూడనేలేదు. కన్సల్టెంటు బల్ల మీంచి లేచింది. ఆ వరండాలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి, నరాల డాక్టరు దగ్గర మర్నాడు పొద్దున్నే సమయం తీసుకుంది. తొందరగా వస్తే మంచిదని అవతలివాళ్ళు కూడా అన్నారు. ఫోను పెట్టేసరికి లోపలినుంచి పిలిచారు.

ఛైర్మన్‌గారు దుర్మార్గుడైతే పని సులువయ్యేది. ఆయన పదవులు చేసి దిగినవాడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు. ఆమె బాగానే చెప్పింది. చూద్దాంగారు కూడా ఒకసారి తలూపాడు. అంతా అయ్యాక ఛైర్మన్‌గారు తన ముందున్న కాగితాలు తిరగేశాడు. పిల్లలు ఏం చదువుతున్నారో తెలిసిందని తండ్రులు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలవి. ఒకటి రెండు చదివి వినిపించి పక్కన పెట్టాడు.

"మీరు చెప్పింది కొట్టిపారెయ్యదగ్గది కాదమ్మా. నేను వేరే ఏమీ అడగను. మీ ఇంట్లోవాళ్ళ గురించి మీకు ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకోండి. చూడకుండా తీసేస్తారా?"

తీసేస్తానంటే సరిపోయేది. గదిలో ఎవరికీ తెలియదు. ఫోను సంచిలో ఉంది, సంచి ఒళ్ళో ఉంది. ఏ కంపెనీ పెన్నూ ముట్టని మనిషి, ఇన్నేళ్ళుగా తూకం తప్పకుండా మాట్లాడిన మనిషి, అబద్ధం కోసం వెతుక్కుంటే చేతికి రాలేదు.

"చూస్తాను" అంది.

"చూసి, నాకెందుకు తెలిసిందా అని బాధపడతారా, తెలియడమే మంచిదైందనుకుంటారా?"

ఆమె ఒళ్ళోని సంచిని దగ్గరికి లాక్కుంది. రేపటి డాక్టరు సమయం గుర్తొచ్చింది. ఆ మెసేజ్ రాకపోతే ఇంకా ఎన్నాళ్ళు నవ్వుతూ ఆటపట్టిస్తూ ఉండేదో. గొడుగావిడ గురించి చెప్పాలి, ఆ ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు అని చెప్పాలి, కబురు అందిన చేతులన్నీ ఒకలా ఉండవని చెప్పాలి. అవన్నీ నోటిదాకా వచ్చి ఆగాయి. తన ఇంట్లో మంచిదైనది ఇంకొకరింట్లో ఎందుకు కాదని అడిగితే చూపించడానికేమీ లేదు, ఆ మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మర్యాదగా నవ్వి, జరిమానా కట్టి వెళ్ళాడు. అతన్ని గురించి ఏమని చెబుతుంది? పైగా ఆవిడ రహస్యం ఈ బల్ల మీద పెడితే తప్ప ఆవిణ్ణి కాపాడటం కుదరదు.

ఛైర్మన్‌గారు గెలిచినట్టు నవ్వలేదు. "అంతేనమ్మా, మనవాళ్ళ మీద మనకుండే శ్రద్ధే కదా" అన్నాడు. మెసేజ్‌లు ఇప్పుడున్నట్టే కొనసాగాలని, సలహాదారు కూడా ఏకీభవించారని గుమాస్తా రాసుకున్నాడు. సంతకం పెట్టనన్న మాట ఆమె అననేలేదు. అన్నా ఒరిగేదేమీ లేదని మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. గ్రంథాలయాలు ఊరికే బిల్లులు ఆపి కంపెనీలను ఏడిపించకుండా ఉండాలని, నెలలోపు సంతకం పెట్టకపోతే పెట్టినట్టే లెక్క అన్న షరతు ఒప్పందంలో రాయించింది తనే. న్యాయంగా ఉంటుందని రాయించింది.

కింద కౌంటరు దగ్గర అమ్మాయి ఆశగా తలెత్తింది. కన్సల్టెంటు తల అడ్డంగా ఊపి తెర ముందు కూర్చుంది. గొడుగావిడకు రేపు రావద్దని చెప్పాలి. వచ్చినా రాకపోయినా ఒకటే అయినా, చెప్పాలి. కనీసం ఇంట్లో ఏ మాట చెప్పుకోవాలో కూడబలుక్కోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. ఆవిడ పేరు తెరిచింది. ఆవిణ్ణి అందుకోవడానికి గ్రంథాలయం దగ్గర ఉన్న నంబరు ఒక్కటే. అది ఆయనది. కింద ఇంటి చిరునామా ఉంది. ఆ గుమ్మంలో నిలబడి, తలుపు తీసినవాళ్ళకు తను ఫలానా గ్రంథాలయం నుంచి వచ్చానని చెప్పడమంటే, ఇంకో మెసేజ్ మోసుకెళ్ళడమే. ఆమె తెర మూసేసింది.

ఇంటికి వెళ్ళాక అత్తగారితో, రేపు పొద్దున్న డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఊరికే ఒకసారి అన్నీ చూపించుకుంటే మంచిది కదా అంది. మాట తేలిగ్గా అనాలని దారిపొడుగునా సాధన చేసింది. అత్తగారు బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్నదాన్ని పూర్తిగా మడిచి, దొంతరలో పెట్టి, అప్పుడు తలెత్తింది. గొంతులో ఏ చిన్న తేడా ఉన్నా పట్టెయ్యడం ఆమెకు పాత విద్య.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదత్తయ్యా."

"అయితే మెసేజ్ వచ్చింది."

కోడలు తలూపింది.

అత్తగారు ఇంకో బట్ట తీసుకుంది. "నేనే చెబుదామనుకున్నాను. ముందు నీకు, తర్వాత వాడికి. ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. కూర్చుకున్నవి కూర్చుకున్నట్టే పోతున్నాయి, అందుకే ఆలస్యమైంది" అని నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. "పుస్తకం కూడా అందుకే ఇవ్వలేదనుకునేవు. అది మరిచిపోయి కాదు. ఇంకోసారి చదువుదామని ఉంచాను."

"నాకు తెలియడం మంచిదే కదా అత్తయ్యా. మందులుంటాయి, తొందరగా మొదలుపెడితే…"

"మంచిదే. నువ్వు చూసి మంచిపనే చేశావు." అత్తగారు దొంతరను అరచేత్తో సమంగా నొక్కింది. "కానీ అమ్మాయ్, ఇంత పెద్ద కబురు, నా కబురు, నా నోటితో చెప్పుకోవాలని ఉండేది. అదొక్కటీ పోయింది."

గురువారం ఆసుపత్రికి వెళుతూ దారిలో గ్రంథాలయం దగ్గర ఆగారు. తన పుస్తకం తనే ఇస్తానంది అత్తగారు. కౌంటరు అమ్మాయి వెనక అట్ట తెరిచింది, ఖాళీ జేబులో వేలు పెట్టింది, తీసింది, స్కానరు అందుకుంది. మరుక్షణం కోడలి సంచిలో ఫోను మోగింది.

"నాదేనా?" అంది అత్తగారు.

"మీదే."

అత్తగారు మెచ్చుకుంటున్నట్టు తలాడించింది. "మా ట్రంకు లైన్లకంటే జోరుగానే ఉంది" అంది.

అప్పుడు వచ్చింది గొడుగావిడ. పరుగులాంటి నడకతో వచ్చి, కొంగులో చుట్టిన పుస్తకం తీసి, బల్ల మీద బోర్లా పెట్టింది. ముఖం మీద చెమట, చెమట కింద నవ్వు. పది కాకముందే వచ్చానన్న నవ్వది. కన్సల్టెంటు వైపు చూసింది. కన్సల్టెంటుకు ఏమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆ నవ్వు దానంతటదే కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"ప్రయత్నించాను" అంది కన్సల్టెంటు. ఆ మాట తనకే అసహ్యంగా వినిపించింది. ప్రయత్నించిన మనిషి చూస్తాను అని ఎందుకంటుంది?

కౌంటరు అమ్మాయి పుస్తకం తీసుకోలేదు. స్కానరు మీద చెయ్యి వేసి, తియ్యకుండా, అలాగే కూర్చుంది. పెడితే ఇప్పుడు వెళుతుంది, పెట్టకపోతే పదింటికి వెళుతుంది. అత్తగారు ఆ ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసి, కోడలి మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. మొన్న చెప్పిన మనిషి ఈవిడేనా అని గుసగుసగా అడిగింది. కోడలు అవునంది. అత్తగారు బల్ల మీదుగా వంగి కంప్యూటరు వెనక తీగలు చూసింది. బల్ల కిందకు చూసింది.

"దీని ప్లగ్గు ఎక్కడుంది?"

"ఇది తీసినా లాభం లేదత్తయ్యా. మెసేజ్‌లు పంపే మెషీను ఇక్కడ లేదు. ఎక్కడో ఉంది. అదే పంపుతుంది."

"అక్కడ ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరు."

అత్తగారికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. లైను కలపడానికి మనిషి ఉండాలి, తెంపడానికీ మనిషి ఉండాలి, ఆమె బతుకంతా అలాగే గడిచింది. ఎవరూ కూర్చోరా అని మళ్ళీ ఒకసారి అడిగింది.

గొడుగావిడ ఇంటికి వెళ్ళలేదు. బీరువాల చాటున మొన్న కూర్చున్న బెంచీ మీదే కూర్చుని, గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తోంది. డాక్టరు దగ్గరికి ఆలస్యమవుతోందని కన్సల్టెంటు అనబోయింది. అత్తగారు అప్పటికే అటు నడిచి, ఆవిడ పక్కన కూర్చుని, పాదాల దగ్గర కుచ్చిళ్ళు సర్దుకుంది. తర్వాత అత్తగారు ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది.

"ఏముందో చెప్పమ్మా" అంది. "నాకేం భయపడకు. నా దగ్గర ఏదీ నిలవదు."

గొడుగావిడ ఆమె ముఖంలోకి చూసింది. ఆ మాట వేళాకోళం కాదని అర్థమయ్యాక తల వంచి, గొంతు తగ్గించి, చెప్పడం మొదలుపెట్టింది. కన్సల్టెంటు నిలబడినచోటికి మాటలు లీలగా వినిపిస్తున్నాయి. ఇంకో రెండడుగులు వేస్తే స్పష్టంగా వినిపిస్తాయి. ఆమె వెనక్కి జరిగి, కౌంటరు అవతలి మూలకు వెళ్ళి, వీధివైపు తిరిగి నిలబడింది. అక్కడికి వినపడదు. పది కావస్తోంది, ఆమె చెయ్యగలిగింది ఇక అదొక్కటే మిగిలింది.